పగలు 36, రాత్రి 17: అడవి అంచున ఉన్న తోటకు భయం ఎప్పుడు మొదలవుతుంది?

ప్రశ్న: మాది నాగర్‌కర్నూల్ జిల్లాలో నల్లమల అంచున ఉన్న ఊరు. ఆరెకరాల బేనిషాన్ మామిడి తోట ఉంది. వెనక గెట్టు దాటితే అడవే. మా ఆయన హైదరాబాద్‌లో కారు నడుపుతాడు. తోట నేనూ, అత్తమ్మా, మామయ్యా చూసుకుంటాం. పోయినేడు మార్చిలో అడవి మంట కంచె దాకా వచ్చింది. గెట్టు మీది నాలుగు చెట్లు మాడిపోయినయి. ఈసారి ఎండలు ముందే వచ్చినయని టీవీలో చెబుతున్నారు. ఫోన్‌లో చూస్తే పగలు 36, రాత్రి 17 చూపిస్తోంది. తెల్లారగట్ల దుప్పటి కప్పుకుంటున్నాం, మధ్యాహ్నం ఫ్యాను లేకుంటే ఉండలేకపోతున్నాం. అత్తమ్మ ఏమో "రాత్రిళ్లు ఇంకా చల్లగనే ఉంది, ఎండలు ముదిరేలోపే కంచె పొంటి ఆకు కాల్చేద్దాం, ఎన్నేండ్ల నుంచో అట్లనే చేస్తున్నం" అంటుంది. ఫారెస్టోళ్లు వద్దంటున్నారు. ఎవరి మాట వినాలి? ఈ చలికీ వేడికీ పిందె రాలుతోంది, దానికేం చేయాలి? మామయ్యకు బీపీ ఉంది, చెప్పినా వినకుండా మిట్టమధ్యాహ్నం తోటలోనే ఉంటాడు. ఇంకొక్క మాట సార్, ఈ భయం ఎప్పటిదాకా?

జవాబు:

అమ్మా,

అసలు జవాబు ముందు చెప్పి, కారణాలు తర్వాత చెబుతాను. ఆకు కాల్చకండి. ఈ వారమే కాదు, వానలు పడేదాకా వద్దు. మీ అత్తమ్మ మాటలో అనుభవం ఉంది, దాని దగ్గరికి మళ్లీ వస్తాను. కానీ ఆమె ఏ చల్లటి రాత్రిని చూసి ధైర్యం చెబుతున్నారో, ఆ రాత్రే ఈ కాలంలో ప్రమాదానికి గుర్తు.

మీరు రాసిన రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూడండి. 36, 17. మధ్యలో 19 డిగ్రీల తేడా. గాలిలో నీటి ఆవిరి బాగా ఉన్నచోట ఇంత తేడా రాదు. బాపట్లలోనో మచిలీపట్నంలోనో ఉన్న మీ చుట్టాలను అడగండి. అక్కడ పగటి వేడి ఇంతగా పెరగదు, రాత్రి ఇంతగా తగ్గదు, ఒళ్లు మాత్రం జిడ్డు జిడ్డుగా ఉంటుంది. సముద్రపు తేమ రాత్రిపూట నేల వేడిని పైకి పోనివ్వదు. మీ దగ్గర ఇప్పుడు మబ్బు లేదు, తేమ లేదు. పొద్దు గూకగానే నేల వేడి అడ్డూ ఆపూ లేకుండా ఆకాశానికి పోతుంది, తెల్లారేసరికి దుప్పటి కావలసి వస్తుంది. మళ్లీ పది గంటలకల్లా ఆ పొడి గాలే చురచుర కాలుతుంది. తెల్లారగట్ల చలికీ, మధ్యాహ్నం ఆకు కాలికింద గలగలలాడటానికీ కారణం ఒక్కటే. గాలి ఎండిపోయింది.

చిన్న లెక్క చెబుతాను. తెల్లవారుజామున 17 డిగ్రీలు ఉన్నప్పుడు గాలిలో తేమ 70 శాతం అనుకుందాం. చాలినంత తేమే అనిపిస్తుంది. గాలిలోని నీరు ఒక్క చుక్క పెరక్కుండా, తరగకుండా అలాగే ఉండి, వేడి మాత్రం 36కి చేరితే అదే గాలిలో తేమ దాదాపు 23 శాతానికి పడిపోతుంది. వేడెక్కిన గాలి ఎక్కువ నీటిని పట్టుకోగలదు కాబట్టి ఉన్న నీరు దానికి ఏ మూలకూ చాలదు. అప్పుడది కనిపించిన ప్రతి ఎండుటాకు నుంచీ, గడ్డిపోచ నుంచీ నీళ్లు లాక్కుంటుంది. లావు దుంగ ఎండటానికి నెలలు పడుతుంది. చిటికెన వేలికన్నా సన్నటి పుల్ల, ఆకు, బోద గడ్డి మాత్రం గంటా రెండు గంటల్లో చుట్టూ ఉన్న గాలిలాగే అయిపోతాయి. పొద్దున ఏడింటికి మంచుకు మెత్తగా ఉన్న టేకాకు మధ్యాహ్నం ఒంటిగంటకు అగ్గిపుల్లలా అంటుకోవడం మీరూ చూసే ఉంటారు.

అందుకే ఫోన్‌లో ఎండ అంకె ఒక్కటీ చూసి లాభం లేదు. దాని కిందే తేమ శాతం, గాలి వేగం కూడా ఉంటాయి. మధ్యాహ్నం రెండింటికి తేమ 30 కంటే తక్కువ ఉండి, చెట్ల చిటారు కొమ్మలు ఊగేంత గాలి ఉంటే, ఆ రోజు ఎండ 34 అయినా సరే, అడవి అంచున అది చెడ్డ రోజు. మే నెలలో 43 డిగ్రీలుండి, ముందు రోజు సాయంత్రం గట్టి వాన పడి ఉంటే, ఆ రోజు ఒంటికి నరకం గానీ మంటకు అంత అనువు కాదు.

ఇది ఊరికే చెప్పడం లేదు, మన చుట్టుపక్కల జరిగినవే చూడండి. శేషాచలం కొండల్లో తిరుమల దగ్గర అడవి తగలబడి, ఆర్పడానికి వాయుసేన హెలికాప్టర్లు రావలసి వచ్చింది 2014 మార్చిలో. తమిళనాడు తేని జిల్లా కురంగణి కొండల్లో గడ్డి అంటుకుని, ట్రెక్కింగ్‌కు వెళ్లినవాళ్లలో ఇరవై మందికి పైగా ప్రాణాలు పోవడానికి కారణమైంది 2018 మార్చి 11న. కర్ణాటక బందీపూర్‌లో వేల ఎకరాల అడవి బూడిదైంది 2019లో, అదీ ఫిబ్రవరి చివరి వారంలో. ఈ మూడింటిలో ఒక్కటీ మే నెలది కాదు. మీ తోట కంచె దాకా వచ్చిన మంట కూడా మార్చిదేనని మీరే రాశారు.

మన పంచాంగం ఈ సంగతి ఎప్పుడో పట్టుకుంది. వసంతానికి ముందు శిశిరం పెట్టింది, మాఘ ఫాల్గుణాలు, ఆకు రాలే కాలం. నల్లమల ఆకు రాల్చే అడవి. టేకు, నల్లమద్ది, చిరుమాను, తునికి, అన్నీ నీళ్లు దాచుకోవడానికి ఈ రెండు నెలల్లో ఆకు దులిపేస్తాయి. నీడ పోతుంది, ఎండ నేరుగా నేలమీద పడుతుంది, నేలమీద మందంగా ఎండుటాకు. పోయిన వానాకాలం నిలువెత్తు పెరిగిన బోద ఇప్పుడు పసుపుపచ్చగా ఎండి నిలబడి ఉంటుంది. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని మనవాళ్లు సంబరంగా చెప్పుకుంటారు. ఆ చలి పోయే నాటికే అడవి కింద కట్టెలు పేర్చినట్టుగా సిద్ధంగా ఉంటుంది. రోహిణి కార్తె ఎండకు రోళ్లు పగిలేదాకా అది ఆగదు.

ఇప్పుడు మీ అత్తమ్మ మాట. ఎండలు ముదరకముందే కంచె పొంటి ఆకు తీసేయాలన్నది నూటికి నూరుపాళ్లూ నిజం. అటవీ శాఖ వాళ్లు కూడా ఎండలు రాకముందే అడవిలో ఫైర్ లైన్ల (మంట దాటకుండా ఖాళీగా ఉంచే పట్టీల) వెంట గడ్డీ ఆకూ తీసి, మంచు ఆరకముందు పొద్దున్నే మనుషులను వరసగా నిలబెట్టి కాలుస్తారు. ఆమె వయసులో ఉన్నప్పుడు మీ ఇంట్లోనూ అలాగే జరిగి ఉంటుంది. పది మంది చేతులు, నీళ్ల కుండలు, వేప కొమ్మలు, గాలి తిరిగితే ముందే పసిగట్టే పెద్దవాళ్లు. ఇవాళ ఆ గెట్టు దగ్గర నిలబడేది మీరు ముగ్గురు. అందులో ఒకరికి బీపీ. ఆమెకు ఈ మాట మీరే నెమ్మదిగా చెప్పండి. "నువ్వు చెప్పిన పని చేద్దాం అత్తమ్మా, నిప్పు బదులు నాగలి పెడదాం" అనండి. ఆమె ఇన్నేళ్లుగా చేసిన పనిని తప్పు అనకుండానే ఇది చెప్పొచ్చు.

ఒక ఊళ్లో నా కళ్లముందు జరిగింది రాస్తాను. ఒక రైతు పొద్దున ఏడున్నరకు చెలకలో కంది కట్టె కాల్చాడు. గాలి లేదు, నేల చల్లగా ఉంది. తొమ్మిదింటికి మంట చల్లారింది, బూడిద మీద నాలుగు బిందెల నీళ్లు పోసి ఇంటికి వెళ్లాడు. జాగ్రత్త గల మనిషే. బూడిద కింద ఒక మొద్దు కణకణలాడుతూనే ఉంది. పదకొండున్నరకు గాలి లేచింది. మధ్యాహ్నానికి పక్క చెలక, సాయంత్రానికి గుట్ట. ఎవరిమీదా కోపంతో చెప్పడం లేదు. పొద్దున కనిపించిన గాలి మధ్యాహ్నం గాలి కాదు, తేడా అంతా అక్కడే వస్తుంది. నేల వేడెక్కేకొద్దీ గాలి పైకి లేస్తుంది, దాని స్థానంలోకి పక్కగాలి తోసుకొస్తుంది. గుట్టలున్నచోట పగలు గాలి పైకి ఎగబాకుతుంది, రాత్రి కిందికి జారుతుంది.

మీ తోట గుట్ట పాదంలో ఉందో, వాలు మీద ఉందో మీరు రాయలేదు. అది ముఖ్యం. మంట ఎప్పుడూ ఎగువకు పరిగెత్తుతుంది. వాలు ప్రతి పది డిగ్రీలు పెరిగేకొద్దీ దాని వేగం దాదాపు రెట్టింపవుతుందని అడవి మంటలతో పనిచేసేవాళ్లు లెక్క చెబుతారు. ముందున్న గడ్డిని సెగ తగిలించి ఎండబెట్టుకుంటూ పోతుంది కాబట్టి. అడవి మీ తోటకు కింద ఉంటే మీకు దొరికే సమయం చాలా తక్కువ. అడవి పైన, మీరు కింద అయితే మంట నెమ్మదిగా దిగుతుంది, కాని కాలుతున్న మొద్దులు దొర్లి వస్తాయి.

చట్టం సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. మీ వెనక ఉన్నది అమ్రాబాద్ పులుల అభయారణ్యంలోని అడవే అయి ఉంటుంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 30వ సెక్షన్ ప్రకారం అభయారణ్యానికి ముప్పు తెచ్చేలా నిప్పు పెట్టడం, మండుతున్న నిప్పును వదిలేయడం కూడా నేరం. మీ గెట్టు మీద పెట్టింది అటు దాటినా మీ మీదికే వస్తుంది.

ఇక చేయవలసిన పని. కంచెకు మీ వైపున, పొడుగునా, కనీసం పదడుగుల వెడల్పున నేల కనబడాలి. ఆకు లేకుండా చేస్తే చాలదు, గడ్డి వేరుతో సహా పోయి ఎర్రమట్టి తేలాలి. ట్రాక్టరుతో రోటవేటర్ రెండు సాళ్లు వేస్తే గంటలో అయిపోయే పని. చెట్టు వేర్లు ఉన్నచోట లోతుగా దున్నకుండా గుంటక తోలండి. వీలైతే ఇరవై అడుగులు చేయండి, ఎందుకంటే గాలికి నిప్పురవ్వలు పదడుగులు సులువుగా ఎగురుతాయి. కంచెకు అవతల, అడవి వైపు మాత్రం మీరు చేయి పెట్టకండి. మీ వైపు అడవిని చూసుకునే అటవీ ఉద్యోగి, బీట్ ఆఫీసరును కలిసి, పోయినేడు మంట వచ్చిన జాగా చూపించి, అటువైపు లైను తీయించమని అడగండి. వేసవికి ఫైర్ వాచర్లను పెట్టుకుంటారు, వాళ్లలో మీ ఊరివాళ్లు, చెంచు పెంటల (గూడేల) వాళ్లు ఉంటారు. వాళ్ల ఫోన్ నంబర్లు ఇప్పుడే రాసి పెట్టుకోండి.

ఊడ్చిన ఆకు మీకు బంగారం, దాన్ని కాల్చడమంత నష్టం లేదు. తోట లోపలికి తెచ్చి, గెట్టుకు దూరంగా గుంత తీసి, పేడ నీళ్లు చల్లుతూ పొరలు పొరలుగా నింపండి. వానాకాలానికల్లా ఎరువు. కొందరు ఆకును చెట్ల పాదుల్లో పరుస్తారు, తేమ నిలుస్తుంది, మంచి పద్ధతే. కానీ గెట్టు పక్కనున్న మొదటి రెండు వరసల పాదుల్లో మాత్రం ఈ మూడు నెలలూ ఎండుటాకు పరచకండి. మామిడి మొదట్లో బెరడు కింద ప్రాణం ఉన్న పొర 60 డిగ్రీల సెగ తగిలితే చచ్చిపోతుంది. ఆకు మంట అంతకు ఎన్నో రెట్లు. పోయినేడు మాడిన నాలుగు చెట్లూ పూర్తిగా పోయినట్టేనా అని మీరు అడగలేదు గానీ చెబుతున్నాను. బెరడును గోటితో కొద్దిగా గీరి చూడండి. లోపల పచ్చగా, తడిగా ఉంటే చెట్టు బతికే ఉంది, ఎండిన కొమ్మలు వానాకాలం ముందు కోయించండి. మొదలు చుట్టూ గోధుమరంగుగా ఎండిపోతే ఆశ వదులుకోవాలి.

ఇంకో రెండు చూడండి. గెట్టు మీదుగా వెళ్లే కరెంటు తీగలు కిందికి వేలాడుతుంటే లైన్‌మన్‌కు చెప్పి గుంజించండి. గాలికి రెండు తీగలు రాసుకుంటే రాలే నిప్పు గడ్డిమీదే పడుతుంది. బోరు స్టార్టర్ డబ్బా చుట్టూ, ట్రాన్స్‌ఫార్మర్ కింద కూడా గడ్డి లేకుండా చేయండి.

అడవికి నిప్పు ఎవరు పెడతారన్నది కూడా మీకు తెలిసి ఉండాలి, ఎందుకంటే పక్కన కూర్చుని మాట్లాడితే ఆగేవి చాలా ఉన్నాయి. మెరుపుకు అడవి అంటుకోవడం మన దగ్గర చాలా అరుదు. మిగతావన్నీ మనుషులవే. ఇప్పపువ్వు రాలే కాలం వస్తోంది, పువ్వు కనబడాలని చెట్టుకింద ఆకు కాలుస్తారు. తునికాకు కొత్త చిగురు బాగా వస్తుందని పొదలు తగలబెడతారు, నిజానికి పొదను మొదటికి కొట్టినా అదే చిగురు వస్తుంది. గొర్లకు కొత్త గడ్డి మొలవాలని కొందరు. తేనె తీసేటప్పుడు పొగబెట్టి ఆర్పడం మరచినవాళ్లు కొందరు. శ్రీశైలం రోడ్డు మీద మన్ననూరు దాటాక కార్లలోంచి సిగరెట్టు విసిరేవాళ్లు, ఆగి వంట చేసుకుని పొయ్యి అలాగే వదిలేసేవాళ్లు. చైత్ర పౌర్ణమికి సలేశ్వరం జాతర, వేలమంది లోయలోకి దిగుతారు, వాళ్లలో చాలామందికి ఈ అడవి సంగతి తెలియదు.

వీళ్లెవరూ అడవిని కాల్చాలని వచ్చినవాళ్లు కాదు. ఇప్పపువ్వు ఏరే ఆడవాళ్లు మీ ఊళ్లో ఉంటే పాత చీరలు రెండు మూడు కలిపి కుట్టి చెట్టుకింద పరవమని చెప్పండి, పువ్వుకు మన్ను కూడా అంటదు, ధర కూడా కాస్త బాగా వస్తుంది. గొర్లకాపరులతో మామయ్యనే మాట్లాడమనండి. పెద్దమనిషి, ఆయన మాటకు విలువ ఉంటుంది. ఫారెస్టువాళ్లు వందసార్లు చెప్పినదానికంటే పక్క చేను పెద్దాయన ఒక్కసారి చెప్పింది పనిచేస్తుందని నా నమ్మకం.

టీవీలో ఎండలు ఎక్కువంటున్నారని రాశారు కదా. దాన్ని ఎలా తీసుకోవాలో చెబుతాను. ప్రతి ఏడాదీ ఫిబ్రవరి చివర్లో భారత వాతావరణ శాఖ మార్చి నుంచి మే దాకా కాలానికి ఒక అంచనా ఇస్తుంది. అందులో "సాధారణం కంటే ఎక్కువ" అని ఉంటే, మూడు నెలల సగటు పాత ముప్పై ఏళ్ల సగటును మించే అవకాశం ఎక్కువని అర్థం. మార్చి 20న మీ ఊళ్లో ఎంత ఎండ ఉంటుందో అది చెప్పదు. ఆ మూడు నెలల మధ్యలో వారం రోజులు మబ్బు పట్టొచ్చు, రాళ్ల వాన పడొచ్చు. 2023లో ఏం జరిగిందో గుర్తుందా? 1901 నుంచి లెక్కలున్నంతలో ఎన్నడూ లేనంత పగటి వేడి ఉన్న ఫిబ్రవరి అని వాతావరణ శాఖ ప్రకటించింది. మళ్లీ మార్చి మధ్యలోనే వికారాబాద్, జహీరాబాద్ వైపు పొలాలు తెల్లటి దుప్పటి కప్పినట్టు వడగళ్లతో నిండిపోయాయి. ఒకే వేసవి, నెల తిరక్కుండా రెండూ.

ఎందుకిలా అంటే, ఈ కాలంలో మన మీద రెండు గాలులు పోట్లాడుకుంటాయి. వాయవ్యం నుంచి, లోపలి దేశం మీదుగా వచ్చే పొడి గాలి ఒకటి. ఆగ్నేయం నుంచి, బంగాళాఖాతం మీదుగా వచ్చే తేమ గాలి ఇంకొకటి. విదర్భ నుంచి తెలంగాణ, కర్ణాటక మీదుగా తమిళనాడు దాకా "ద్రోణి" అని రేడియోలో చెబుతుంటారు చూడండి, ఆ రెండూ కలిసే గీత అదే. గీత మీకు పడమటగా జరిగితే తేమ వస్తుంది, సాయంత్రం ఉరుములు. తూర్పుకు జరిగితే మళ్లీ పొడి గాలి. రోజురోజుకూ మారే ఈ చలి, వేడి ఆ గీత జరగడం వల్లే. కాబట్టి మూడు నెలల అంచనాను పెట్టుబడికీ, నీళ్ల లెక్కకూ వాడుకోండి. మంట భయానికి మాత్రం ఐదారు రోజుల అంచనా చూడండి. మేఘదూత్ యాప్‌లో మంగళ, శుక్రవారాల్లో రైతులకు సలహాలు పెడతారు, తెలుగులో ఉంటాయి, తేమ, గాలి కూడా ఇస్తారు.

ఒక చిక్కు ఉంది. వాతావరణ శాఖ ఇచ్చే పసుపు, నారింజ, ఎరుపు రంగుల వడగాలి హెచ్చరికలు మనుషుల ప్రాణాల కోసం. మైదానాల్లో 40 డిగ్రీలు దాటితేనే వడగాలి మాట ఎత్తుతారు. మీ 36కు ఏ రంగూ రాదు. రంగు రాలేదు కదా అని అడవి భద్రంగా ఉందనుకోవద్దు. మంటకు వేరే లెక్క ఉంది. మధ్యాహ్నపు వేడి, తేమ, గాలి, గడచిన రోజు వాన, ఈ నాలుగూ కలిపి కెనడావాళ్లు ఒక సూచిక తయారుచేశారు. డెహ్రాడూన్‌లోని భారత అటవీ సర్వే సంస్థ ఆ పద్ధతిలోనే ముందస్తు హెచ్చరికలు ఇస్తుంది. మంట రేగాక ఉపగ్రహాలు పట్టుకున్న చోట్లను అటవీ సిబ్బంది ఫోన్లకు పంపేది కూడా ఆ సంస్థే. కానీ ఉపగ్రహం మీ గెట్టు మీదుగా రోజుకు కొన్నిసార్లే పోతుంది. దానికి 375 మీటర్ల చదరం ఒక చుక్క. ఆ చుక్కలో మీ తోట మొత్తం పడుతుంది. చిన్న పొగ దానికి కనబడకముందే మీ కంటికి కనబడుతుంది. పొగ చూసిన వెంటనే బీట్ ఆఫీసరుకు ఫోన్, ఆయన ఎత్తకపోతే 101కి లేదా 112కి.

వాన పడితే? ఒక్క జల్లు పడి, ఆకు తడిసి, మట్టి వాసన వచ్చేసరికి మనసు తేలికపడుతుంది. ఆ తేలిక ఒకటి రెండు రోజులే. మళ్లీ ఎండ కాస్తే పైపొర ఆకు ఆరిపోతుంది. ఉరుముల వాన వచ్చేముందు లేచే ఈదురుగాలి ఇంకా ప్రమాదం. అప్పటికే ఎక్కడో నెమ్మదిగా కాలుతున్న మంటను అది ఒక్కసారిగా వేరే దిక్కుకు తిప్పేస్తుంది. దూరంగా పొగ ఉండి, పడమట మబ్బు కమ్ముకొస్తుంటే ఆ సాయంత్రం తోటలో ఉండకండి.

మంట నిజంగా కంచె దాకా వస్తే ఏం చేయాలో ఇంట్లో అందరూ ఒకసారి కూర్చుని అనుకోండి. నైలాన్ చీర, పాలిస్టర్ చొక్కా ఆ నెలల్లో తోటకు వేసుకోవద్దు, సెగకు కరిగి ఒంటికి అతుక్కుంటాయి. నూలు బట్టలు, కాళ్లకు చెప్పులు కాదు, బూట్లు. మంటకు ఎదురుగా నిలబడి ఎప్పుడూ ఆర్పవద్దు, పక్కల నుంచి, కాలిపోయిన నల్లనేల మీద నిలబడి, పచ్చి వేప కొమ్మతో అదిమినట్టు కొట్టాలి. విసురుగా కొడితే రవ్వలు ఎగురుతాయి. మంట నడుమెత్తు దాటితే కొమ్మలు పారేసి వెనక్కి రావాలి, అంతే. గుట్ట పైకి పరిగెత్తవద్దు. దున్నిన నేలకో, కాలిన నేలకో పోవాలి. గొడ్లను కట్టుగొయ్యలకు వదిలేయవద్దు, తాళ్లు కోసేయండి. డ్రిప్ పైపులు కరిగితే కరగనీయండి. పైపులకు డబ్బు పెట్టుకోవచ్చు.

పిందె రాలడం గురించి. సగం భయం తగ్గించే మాట ముందు చెబుతాను. మామిడి గెలలో వందల పూలు వస్తాయి, వందకు ఒక్కటి కూడా కాయగా నిలవదు. కొంత రాలడం చెట్టు తన బరువు తాను సర్దుకోవడమే. రాలిన పిందె బఠాణీ గింజంత ఉండి, తొడిమ దగ్గర శుభ్రంగా ఉంటే నీటి ఎద్దడో, ఉన్నట్టుండి పెరిగిన వేడో కారణం. చెట్టు పూత మీద ఉన్నప్పుడు నీళ్లు ఎక్కువ పెడితే నష్టం గానీ, పిందె బఠాణీ సైజుకు వచ్చాక తేలికపాటి తడులు మొదలుపెట్టాలి. ఒక్కసారిగా నిండా ముంచవద్దు, డ్రిప్ ఉంటే రోజూ కొంచెం కొంచెంగా, సాయంత్రం వేళ. రాలడం మరీ ఎక్కువుంటే, పిందె రాలకుండా ఆపే హార్మోను మందు ప్లానోఫిక్స్ నాలుగున్నర లీటర్ల నీటికి ఒక మిల్లీలీటరు చొప్పున కొట్టొచ్చు, మోతాదు పెంచితే మేలు బదులు కీడు జరుగుతుంది.

రాలిన పిందె మీద, గెల మీద తెల్లటి పొడి ఉంటే కథ వేరు. అది బూడిద తెగులు. చల్లటి రాత్రి, వెచ్చటి పగలు, సరిగ్గా మీరు రాసిన వాతావరణమే దానికి ఇష్టం. నీటిలో కరిగే గంధకం లీటరుకు మూడు గ్రాములు కలిపి కొట్టాలి. ఎండ 35 దాటే రోజుల్లో మధ్యాహ్నం గంధకం కొడితే ఆకు, పిందె మాడిపోతాయి, కాబట్టి తెల్లవారగానే కొట్టి ఎనిమిదింటికల్లా ముగించండి. ఏది అయినా కొట్టేముందు రాలిన పిందెలు ఓ గుప్పెడు పట్టుకెళ్లి ఉద్యాన అధికారికి చూపించండి. ఉత్తరంలో రాసిన లక్షణాలతో నేను తేల్చలేనిది ఆయన చూసి చెబుతాడు.

మీ మామయ్య విషయం నన్ను మంటకంటే ఎక్కువ ఆలోచింపజేసింది. మొదటి ఎండలే మనిషిని ఎక్కువగా దెబ్బ తీస్తాయి. ఒళ్లు వేడికి అలవాటు పడటానికి వారం నుంచి రెండు వారాలు కావాలి. మే నెలలో 42లో పనిచేసే మనిషే మార్చిలో 37కు కూలబడిపోవచ్చు, ఇంకా అలవాటు కాలేదు కాబట్టి. పైగా గాలి పొడిగా ఉంటే చెమట పట్టీపట్టగానే ఆరిపోతుంది. ఒళ్లు తడవకపోతే నీళ్లు పోవడం లేదనే అనుకుంటాడు ఆయన. బీపీ మాత్రల్లో కొన్ని మూత్రం ఎక్కువ చేసేవి ఉంటాయి. ఎండాకాలం మోతాదు మార్చాలా అని మీ డాక్టరును ఒక్కసారి అడగండి, సొంతంగా మాత్ర ఆపవద్దు. "ఎండలో పోవద్దు" అంటే ఆయన వినరు, ఆ వయసు మనిషికి అది నువ్వు ముసలివాడివి అన్నట్టు వినబడుతుంది. పనినే జరపండి. తడులు తెల్లవారుజామున, మందు కొట్టడం ఎనిమిదింటిలోపు, కాపలా సాయంత్రం నాలుగు తర్వాత. పన్నెండింటికి జొన్న గటకో, అంబలో, పలుచటి మజ్జిగో ఇంట్లోనే ఇస్తామని అత్తమ్మ చేత పిలిపించండి. ఆమె పిలిస్తే వస్తారు. ఒకవేళ మాట తడబడినా, ఒళ్లు కాలిపోతున్నా, మగతగా ఉన్నా వేచి చూడకండి. నీడకు చేర్చి, ఒంటిమీద నీళ్లు పోస్తూ, గాలి విసురుతూ 108కి ఫోన్ చేయండి. స్పృహ సరిగా లేనప్పుడు నోట్లో నీళ్లు పోయవద్దు.

చివరిగా, ఈ భయం ఎప్పటిదాకా అని అడిగారు. క్యాలెండరు చూసి తేదీ చెప్పలేను, నేలను చూసి మీరే చెప్పగలరు. ఏప్రిల్, మే నెలల్లో రెండు మూడు గట్టి వానలు పడి, అడవి అంచున ఎండు బోద మొదళ్ల నుంచి పచ్చటి పోచలు జానెడు పైకి వస్తే సగం ముప్పు తగ్గినట్టు. పచ్చి గడ్డి అంటుకోదు, ఎండు గడ్డి మంటను కూడా అది నడవనివ్వదు. మృగశిర కార్తెలో రుతుపవనాలు వచ్చి, రాలిన ఆకు కింద చెయ్యిపెడితే అరచేతికి తడి తగిలిన రోజు కాపలా మానేయొచ్చు. ఆ వారమే మీరు దున్నిపెట్టిన పదడుగుల పట్టీలో జనుము చల్లండి. పూతకు రాగానే అక్కడే కలియదున్నితే నేలకు బలం, మళ్లీ మాఘం నాటికి ఆ పట్టీ ఖాళీగా సిద్ధంగా ఉంటుంది.